అల్లిక తప్పిన చోట

మెడ చుట్టూ దురద. గోకడానికి లేదు. గోకితే కండువా పక్కకి జరుగుతుంది, జరిగితే సర్దుకోవాలి, సర్దుకుంటే అరచేతుల చెమట ఉన్నికి పట్టి తడిసిన మేక వాసన కొడుతుంది. ఆ వాసనతో దొరసానమ్మ ఎదట నిలబడడం కంటే దురద భరించడమే మేలని యెహెజ్కేలు మేష్టరు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని లాకు గట్టు మీద నిలబడ్డాడు. ఫాల్గుణం దాటలేదు, అప్పుడే ఎండ చిటచిటలాడుతోంది. ఇంకో పది రోజుల్లో కాలవకి నీళ్ళు కట్టేస్తారు, ఆ తరవాత ఎవరు రావాలన్నా బండి మీదో కాలినడకనో రావలసిందే; ఆ పది రోజులూ గడిచిపోయినా బాగుండేది. గంట నించీ చూస్తున్నాడు, నరసాపురం వేపు కాలవ వంపులో కొంగలు తప్ప మరేం లేవు. పడవలో ఈ మిషను బళ్ళు నడిపే దొరగారు వస్తారు, దొరగారి వెంట ఆవిడ వస్తుంది. ఆవిడంటే మార్తమ్మగారు. సముద్రాలవతల ఎక్కడో మంచు పడే ఊళ్ళో కూర్చుని నాలుగేళ్ళుగా ఏటికొక ఉన్ని కండువా తన చేత్తో అల్లి, క్రిస్మసు పెట్టెలో వేసి, ఫలానా బడిలో ఫలానా యెహెజ్కేలుకి అని చీటీ కుట్టి పంపే మహాతల్లి. చలికాలంలోనే రావలసిన మనిషి మద్రాసులో దిగగానే జ్వరం తగిలి రెండు నెలలు అక్కడే ఉండిపోయింది. ఆ జ్వరమేదో తగలకపోతే ఈ కండువాని పుష్యమాసంలో తెల్లవారుజామున చుట్టుకుని మర్యాద దక్కించుకునేవాణ్ణి గదా అనుకున్నాడు. ముక్కూ మొహం తెలియని ముసలావిడ జ్వరం మీద కూడా విసుక్కునే దశకి వచ్చానా అని వెంటనే తన మీద తనకే చిరాకేసింది.

రాక రాక వస్తున్న మనిషి ఎదట ఆవిడిచ్చింది కట్టుకోకుండా ఎలా నిలబడతాడు? దొరగారు జాబులో అదే రాశారు, ఆ అమ్మ పంపినదానిని ధరించి లాకు వద్ద ఉండుము అని; బళ్ళో పెద్ద కుర్రాడి చేత పాఠంలా పైకి చదివించి విన్నాడు. ఏ ఏటిది ధరించాలో రాయలేదు. కొత్తది బాగుంటుందని ఈ ఏటిది తీస్తే పొద్దున్నే సంపూర్ణమ్మ అడ్డం పడింది. సంపూర్ణమ్మ అతని పెళ్ళాం. నరసాపురం పిల్ల, ఏడో ఏట నించీ లేసు సూది పట్టిన చెయ్యి. ఆ చేతికి దారం తప్పు కనిపిస్తే చాలు, నోట్లో అన్నం ముద్ద కూడా దిగదు. కండువా చివర పట్టుకుని దీపం దగ్గర తిప్పి తిప్పి చూసి, ఇక్కడ అల్లిక తప్పిందండీ, ముళ్ళు పడ్డాయి, ఇలా ఇవ్వండి, చిటికెలో విప్పి సాపు చేసేస్తాను అంది. ఇప్పుడు చిటికెలు లేవు, పడవ వచ్చే వేళైంది అని అతను లాక్కున్నాడు. పోయిన మూడేళ్ళవీ నేనే బాగు చేశాను, ఒక్కదానికైనా ఇప్పుడు వంక పెట్టగలరా, పాపం ఆవిడకి ప్రతి ఏడూ సరిగ్గా ఈ చివరికొచ్చేసరికే చెయ్యి తప్పుతుంది, పెద్దావిడ గావును, ఆ తప్పుతో ఆవిడ ఎదటికే వెడితే ఎంత నామోషీ అని ఆవిడ తరఫున కూడా సంపూర్ణమ్మే సిగ్గుపడింది. నామోషీ నాది కాదు గదా, అల్లినావిడది గదా అని కసిరి వచ్చేశాడు. ఇప్పుడు ఆ చివర పొట్ట మీద వేలాడుతూ ఉంది. వంగి చూస్తే బూడిద రంగు మసక తప్ప ముళ్ళూ కనపడవు, సాపూ కనపడదు. కనపడితే ఈ గోలంతా ఎందుకు?

కళ్ళ సంగతి తలుచుకోగానే దురద వెనక్కి పోయింది. దూరం బాగానే కనిపిస్తుంది. అదిగో అవతలి గట్టు మీద తాటిచెట్టుకి ఎన్ని ముంతలు కట్టారో లెక్క చెప్పగలడు. పుస్తకం చేతిలోకి తీసుకుంటే మాత్రం చీమల బారులే. చత్వారం అంటారు, నలభై దాటిన ప్రతివాడికీ వచ్చేదే, రైతుకి వస్తే ఏం పోదు, నాగలికి అక్షరాలుండవు. మేష్టరుకి వస్తే కూడు పోతుంది. తనకి ముందు ఈ బళ్ళో మేష్టరు పల్లంరాజు. ఇన్‌స్పెక్టరు ముందు వాచకం తప్పు చదివాడు, రెండుసార్లు తప్పు చదివాడు, దొరగారు ఎంతో నెమ్మదిగా అతని చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఇక విశ్రమించుము అన్నారు. ఆ నెమ్మదే యెహెజ్కేలు మరిచిపోలేడు. తిట్టినా బాగుండేది. ఇవాళ్టికీ పల్లంరాజు ప్రార్థన మందిరం గంట కొడుతున్నాడు, పిల్లలు గంట తాతయ్య అంటారు, పద్యాలూ లెక్కలూ తెలిసిన మనిషిని. అందుకని యెహెజ్కేలు మూడు వాచకాలూ కంఠస్థం చేసేశాడు. పుస్తకం తెరిచి పట్టుకుంటాడు, ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో వేళ్ళకి తెలుసు, అయిదేళ్ళుగా ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు, భేషని పోతున్నారు. వానలకి బడి తెరిచేసరికి కొత్త వాచకాలు వస్తాయిట. కొత్తవి. ఒక్క ముక్క నోటికి రానివి. అవి చేతికొచ్చిన రోజున తను కూడా గంట తాడు పట్టుకోవలసిందే.

సులోచనాలు రాజమహేంద్రవరంలో కొట్లో అమ్ముతారు. కొనుక్కుని బడికి పెట్టుకొచ్చిన రోజున గుట్టు తనే బయట పెట్టుకున్నట్టు. ఎన్నాళ్ళ నించి కనపడలేదు, ఎన్నాళ్ళు మోసం చేశావు అని అడిగితే ఏం చెబుతాడు? అదే పెట్టెలో వస్తే వేరు. పెట్టెలో వచ్చినదాన్ని ఎందుకు పెట్టుకున్నావని అడిగేవాడు లేడు, పెట్టుకోకపోతేనే అడుగుతారు. పోయిన ఏడు పేటలో బైబిలు చెప్పే సువార్తమ్మకి గొడుగు పిడి వచ్చింది, గొడుగు రాలేదు, పిడి మాత్రమే వచ్చింది, దాన్ని పట్టుకునే ఆవిడ ఆదివారం ఆరాధనకి వచ్చింది. అలాంటప్పుడు తనకి ఒక జత కళ్ళద్దాలు రాకూడదా? మార్తమ్మగారు తన ఫొటో పంపింది ఒకటి. యెహెజ్కేలుకి అందులో తెల్లగా ఒకటి నల్లగా ఒకటి కనిపించాయి. గుండెల మీద రిబ్బనుకి సులోచనాలు వేలాడుతున్నాయండీ అని సంపూర్ణమ్మ చెప్పింది. ఉన్నాయన్నమాట! ఆవిడకి ఉన్నాయి. ఆవిడకి చత్వారమంటే తెలుసు. తెలిసి కూడా ఉన్ని పంపుతుంది.

తెలియజెప్పే దారేదీ? పెట్టె వచ్చిన నెలకి దొరగారి బంగళాలో మేష్టర్లందరూ బారుగా కూర్చుని కృతజ్ఞత జాబులు రాయాలి. దానికొక నమూనా ఉంది, నాలుగు పేరాలు. మొదటి పేరాలో మీ ప్రేమగల కానుక అందినది, అది మిక్కిలి ఉపయోగముగా నున్నది. రెండో పేరాలో మా ఆరోగ్యము. మూడో పేరాలో పిల్లల సంఖ్య. నాలుగో పేరాలో మీ కొరకు ప్రార్థించుచున్నాము. కింద సంతకం. దొరగారు తెలుగు కింద ఇంగ్లీషు రాసి పంపుతారు. చూడనక్కరలేకుండా రాయగలడు కాబట్టి మేష్టర్లందరిలోకి తనే ముందు ముగించేవాడు, యెహెజ్కేలు ఎంత శ్రద్ధగలవాడో చూడుడి అని దొరగారు మెచ్చుకునేవారు కూడా. మొదటి ఏడు మాత్రం బుద్ధి గడ్డి తిని సొంతంగా రెండు ముక్కలు కలిపాడు, అమ్మా ఇక్కడ ఎండలు మెండు, ఉన్ని అంతగా అక్కరలేదు అని. దొరగారు ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, ఇచ్చినవారి మనస్సు నొప్పింపరాదు, అడుగుట కంటే అది తక్కువ తప్పు కాదు అన్నారు. అడగకూడదు, వద్దనకూడదు. మరి ఇచ్చే చేతికి ఏం కావాలో ఎవరు చెబుతారు? అడగకుండా సరైనది రావాలని పుచ్చుకునేవాడు కూచుంటాడు, చెప్పకపోయినా తను ఇచ్చిందే సరైనదని ఇచ్చినవాడు కూచుంటాడు, మధ్యన పెట్టె ఏటేటా సముద్రం దాటి వస్తూ ఉంటుంది. ఇవాళ దొరగారు మధ్యన ఉన్నా సరే, ఎర్ర సిరా ఉండదు. ఇవాళ ఆవిడ కళ్ళెదటే ఉంటుంది. గుండెల మీది సులోచనాలు వేలితో చూపించి, తన కళ్ళు చూపిస్తే చాలు, భాషతో పని లేదు. రాత్రంతా అదే పాఠం వల్లించుకున్నాడు. చూపించిన మరుక్షణం దొరగారికి కూడా తెలిసిపోతుంది గదా అని తెల్లవారేసరికి బుర్రలో పడింది.

"ఏంటండీ మేష్టరుగారూ, చలిజొరవా?"

లాకు లస్కరు పెదబాబు. తలుపుల చక్రానికి నూనె రాస్తూ గంట నించీ ఆ మాట కోసమే కూడగట్టుకున్నట్టున్నాడు. జ్వరమే అన్నాడు యెహెజ్కేలు. మా ముసిల్దానికి గొంగళి అయినా లేదు, తమరికి ఈ ఎండలో మెడకి కూడా ఒకటా అని పెదబాబు నవ్వి, కావాలంటే తీసి ఈ చక్రం మీద ఆరెయ్యండి, చెమటకి తడిసి ముద్దయింది అన్నాడు. నిజంగా తీసి ఆ కాలవలో పారేస్తే! ఒక్క విసురు. కాసేపు తేలి తరవాత మునుగుతుంది. ఆ ఊహకే ఎంత హాయిగా ఉందో, ఆ హాయిలోంచే ఎందుకో అమ్మ చాప పైకి తేలింది.

అమ్మ తుంగ చాప. యెహెజ్కేలు పదో ఏట దొరల హాస్టలుకి వెడుతుంటే అమ్మ మూడు వారాలు చెరువులో దిగి తుంగ కోసి, ఎండబెట్టి, చీల్చి, పొలం పని అయ్యాక సందెవేళ కూర్చుని నేసింది. కూలికి పోయే మనిషి, వేళ్ళు పగిలి ఉండేవి, చాప అంచున ఒక చోట గోధుమరంగు మరక ఉంటే అది రక్తమేమోనని ఇప్పుడనిపిస్తోంది గాని అప్పుడు మట్టి అనుకున్నాడు. హాస్టల్లో తక్కిన పిల్లలకి రేకు పెట్టెలు, దుప్పట్లు. చాప పరిచిన రాత్రే చెరువు బురద వాసనని ముక్కులు మూసుకున్నారు. మూడో రోజున దాన్ని వంటావిడకి ఇచ్చేసి ఉత్త నేల మీద పడుకున్నాడు, నడుం నొప్పెట్టినా సరే. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు చాప బాగుందా నాయనా అని అమ్మ అడిగింది. బాగుందే, చాలా బాగుంది అన్నాడు. అమ్మ నవ్వింది. అమ్మకి ఆ నవ్వు చాలు, తనకి ఆ అబద్ధం చాలు. తరవాత పోయేదాకా ఏటేటా అడుగుతూనే ఉంది, చాప ఉందా అని, ఇంకా ఉందే గట్టిదే అని తను చెబుతూనే ఉన్నాడు. నాలుగు పేరాల నమూనా దొరగారు రాశారని ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకుంటున్నాడు గాని మొదటి పేరా తను పదో ఏటే రాశాడు. ఆ మాట ఇప్పుడెందుకు తట్టాలి, పడవ వచ్చే వేళ! చెమట కళ్ళలోకి దిగి మండింది.

వచ్చింది. వంపులో ముందు తాడు లాగేవాళ్ళు గట్టు మీద కనిపించారు, తరవాత పడవ ముక్కు, తరవాత తెల్ల గొడుగు. ఫర్లాంగు దూరాన గొడుగు కింది ముసలావిడ మొహం అతనికి వెలుగులో పెట్టినంత స్పష్టంగా ఉంది, బుగ్గలు కందిపోయాయి, టోపీ కింద జుట్టు తెల్లగా ఉంది. ఆవిడ అప్పుడే చేతి రుమాలు ఊపింది. తనకేనా? వెనక్కి తిరిగి చూశాడు, ఎవరూ లేరు. ఆవిడ గుర్తు పట్టింది కండువాని. ఎండలో కండువా చుట్టుకున్న మనిషి గోదావరి జిల్లా మొత్తంలో ఇంకెవడుంటాడు?

పడవ లాకు అడుక్కి వచ్చి ఆగింది. కింది తలుపులు మూశారు. ఇక లాకులో నీళ్ళు నిండి పడవ గట్టు మట్టానికి లేవాలి. పెదబాబు చక్రం తిప్పితే పై తలుపు కిందనించి నీళ్ళు బుసబుసమని లోపలికి పడుతున్నాయి, పడవ గోడల మధ్య లోతున ఉంది, గొడుగు కొస మాత్రం పైకి కనిపిస్తోంది. నీళ్ళకి తొందరేముంది! తెల్ల గొడుగు జానెడు లేచింది. టోపీ లేచింది. పాఠం వల్లించుకో. వేలితో చూపించాలి, తన కళ్ళు చూపించాలి. మొహం లేచింది, నవ్వుతోంది. దొరగారి టోపీ కూడా లేచింది పక్కనే. కొత్త వాచకాలు, వానలు, గంట తాడు. ఆవిడ మెడ లేచింది, రిబ్బను కనిపించింది, నల్ల రిబ్బను, దాని చివర రెండు గాజు బిళ్ళలు ఎండకి తళుక్కుమన్నాయి. ఉన్నాయి, సంపూర్ణమ్మ చెప్పినట్టే ఉన్నాయి, ఇంకో మూర నీళ్ళు నిండితే చేతికి అందుతాయి. ఇంత ఆశగా అన్నం వేపైనా తను ఎప్పుడూ చూడలేదేమో.

పడవకి వేసిన పలక మీంచి దిగిన ఆవిడ నమస్కారం పెడుతున్న అతని చేతులు కూడా చూడలేదు. సూటిగా వచ్చి పొట్ట మీద వేలాడుతున్న కండువా చివర పట్టుకుంది. తిప్పి చూసి, మొహం వెలిగిపోతూ, అతని కళ్ళలోకి చూసి ఏదో అడిగింది. అడిగి ఆగింది. యెహెజ్కేలుకి చలి వేసింది, ఆ ఎండలో. ఈ ముళ్ళ సంగతే! పొద్దున్న సంపూర్ణమ్మకి ఇచ్చి ఉంటే పోయేది, తప్పుతోనే కట్టుకొచ్చాడని ఆవిడ చిన్నబుచ్చుకుంది గావును అనుకున్నాడు. అలవాటైన మాట నాలిక చివరికి వచ్చేసింది, చాలా బాగుందండి అని. దొరగారు గొంతు సవరించుకున్నారు.

"యెహెజ్కేలూ, నీ పేరు సరిగా ఉన్నదా అని ఈమె అడుగుచున్నది."

"ఏ పేరండీ?"

"ఇక్కడ. నీ జాబుల క్రింద నీవు చేయు సంతకము చూచి, ఆ అక్షరములను ఉన్నితో అల్లినది. ప్రతి సంవత్సరమును అల్లినదట."

కండువా చివర చేతిలోకి తీసుకున్నాడు. దగ్గరికి తెచ్చాడు, మసక. దూరంగా పెట్టాడు, బూడిద రంగు. వేలితో తడిమితే తగిలాయి ముళ్ళు, వరసగా, ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా తిరిగి ఒక చోట కిందికి దిగి మళ్ళీ లేచి. ప్రతి ఏడూ సరిగ్గా ఈ చివరికొచ్చేసరికే చెయ్యి తప్పుతుంది. మూడు. మూడేళ్ళవీ సంపూర్ణమ్మ లేసు సూదితో పీకి, విప్పి, సాపు చేసి, ఇప్పుడు వంక పెట్టండి చూద్దాం అని మడతపెట్టి పెట్టెలో పెట్టింది. దొరగారు ఇంకా చెబుతూనే ఉన్నారు. ప్రతి జాబులోను ఆ సంగతి ఉండునేమోనని ఈమె వెదకెడిదట. ఒక్కమారును లేదు గనుక, అక్షరములు తప్పు పోయి నిన్ను నొప్పించెనేమో, నీ పేరును ఎగతాళి చేసినట్లు తోచెనేమో అని నాలుగేండ్లుగా చింతించినదట. ఆ మాటే అడుగుటకు వచ్చినది. ఆవిడకి తెలుగు రాదు గాని దొరగారు ఎక్కడిదాకా చెప్పారో తెలిసినట్టు సరిగ్గా ఆ చోట తల ఊపింది.

చాలా బాగుందండి అంటే సరిపోతుంది. సరిగ్గా ఉందండి, నొప్పేమీ లేదండి, రాయడం మరిచిపోయానండి. దొరగారు ఇంగ్లీషు చేస్తారు, ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది, బడి నిలుస్తుంది, సులోచనాల సంగతి రేపు చూసుకోవచ్చు. అమ్మకి చెప్పినంత తేలిగ్గా చెప్పెయ్యచ్చు. ఎన్నేళ్ళు చెప్పాడు అమ్మకి! అది నమ్మే పోయింది అమ్మ. నమ్మిందా? చాప ఉందా అని ఏటేటా మళ్ళీ ఎందుకడిగేది నమ్మితే? నమ్మలేదు, నమ్మకే అడిగింది, ఒక్కసారైనా లేదే అంటాడేమోనని, అంటే ఇంకొకటి నేద్దామని. ఇప్పుడీ ముసలావిడ కూడా అలాగే నిలబడి ఉంది. చూడకుండానే నాలుగేళ్ళు ఎంత తిట్టుకున్నాడు ఈ ఉన్నిని! కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియదు, నమూనా మీద, ఎర్ర సిరా మీద, సంపూర్ణమ్మ శుభ్రం మీద, అన్నిటికంటే తన నాలిక మీద.

"చూడలేదండి," అన్నాడు.

"చూడలేదా? ఏల?"

"కనపడదండి దొరగారూ. దగ్గరిది ఏదీ కనపడదు. అక్షరం ఆని అయిదేళ్ళయిందండి."

దొరగారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "మరి బడిలో పుస్తకము?"

"నోటికొచ్చండి."

అయిపోయింది. అనేశాడు. లాకులో నీళ్ళ చప్పుడు ఆగిపోయి ఉంది, పెదబాబు చక్రం పట్టుకుని ఇటే చూస్తున్నాడు. దొరగారి మొహంలో ఆ నెమ్మది రావడం యెహెజ్కేలు చూశాడు, పల్లంరాజు చేతిలోంచి పుస్తకం తీసుకున్న నాటి నెమ్మది. ఆవిడ దొరగారిని ఏదో అడిగింది, ఏమన్నాడని గావును. దొరగారు చెప్పలేదు. మళ్ళీ అడిగింది. చెప్పలేదు. యెహెజ్కేలు ఏం చెయ్యాలో తెలియక ఆ చివరనే ఇంకోసారి ఎత్తి, చెయ్యి బారెడు చాపి, తల వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి చూశాడు. అది చూసింది ఆవిడ. నలభై దాటినవాడు ఏ దేశంలోనైనా అలాగే చాపుతాడు చెయ్యి. అయ్యో అన్నట్టు ఏదో గొణిగి, దొరగారి జవాబు కోసం ఆగకుండా, మెడలోంచి రిబ్బను తీసి సులోచనాలు తనే అతని ముక్కు మీద పెట్టింది.

ఉన్ని కనిపించింది. ముందు ఉన్ని. ఒక్కొక్క పోగూ, పోగు మీద నూగూ, ఒక కుట్టు రెండో కుట్టులోకి ఎలా దూరిందో కూడా. ఆ కుట్ల మీద ఉబ్బెత్తుగా, పెద్ద పెద్ద పిల్లల అక్షరాల్లో, యెహెజ్కేలు. కొన్ని చోట్ల విప్పి మళ్ళీ అల్లినట్టు దారం నలిగి ఉంది. అయిదేళ్ళ తరవాత చదివిన మొదటి మాట తన పేరు. ఆవిడ ఊపిరి బిగబట్టి చూస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా బళ్ళో తప్పులు దిద్దిన వేలు దానంతట అదే చివరి అక్షరం మీదికి వెళ్ళింది.

"ఇది తప్పండి," అన్నాడు. "కొమ్ము ఇటు తిరగాలి. తక్కినవన్నీ సరిగ్గా ఉన్నాయి."

దొరగారు ఈసారి ఇంగ్లీషు చేశారు. ఆవిడ పకపకా నవ్వేసింది, తప్పు పట్టినందుకు అంత సంతోషించినవాళ్ళని యెహెజ్కేలు ఏ బళ్ళోనూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, వంగి ఆ కొమ్ముని చూడబోయి, కనపడక నవ్వుతూ చెయ్యి చాపింది. ఆవిడకీ అవే కళ్ళు గదా. యెహెజ్కేలు సులోచనాలు తీసి ఇచ్చేశాడు. ఉన్ని మళ్ళీ మసకలోకి పోయింది. ఒక్క నిమిషం ఇచ్చి లాక్కున్నట్టయింది, ఎన్నడూ ఇవ్వకపోయినా ఇంత దిగులుండేది కాదు. తక్కిన మూడింటిలోనూ కొమ్ము అలాగే ఉందేమో చూడవలెనట, సాయంత్రము ప్రార్థన మందిరమునకు అవి తెమ్ము అన్నారు దొరగారు. కొంచెం ఆగి, రేపు ఉదయమున నీవు ఒక్కడవే వచ్చి నన్ను చూడుము అని కూడా అన్నారు. రేపటి ఉదయం కంటే ఇవాళ సాయంత్రం తలుచుకుంటేనే ఎక్కువ భయం వేసింది.

గట్టు దిగి, పొలాల బోదె దాటి, ఇంటికి వచ్చేదాకా మూడు అనే లెక్క తప్ప మరొకటి తలలో లేదు. సంపూర్ణమ్మ అరుగు మీద లేసు అల్లుతోంది. ఆ లేసంతా ఓడ ఎక్కి పోయేదే, ఇంట్లో ఆవిడ చేతి అల్లిక జానెడు లేదు. తలెత్తకుండానే, ఇటివ్వండి, ఇప్పుడైనా ఆ ముడి విప్పేస్తాను అని సూది పట్టుకున్న చెయ్యి చాపింది. అతను కండువా చివర గుప్పిట్లో బిగించుకుని వెనక్కి అడుగు వేశాడు.

"ముట్టుకోకు. అది ముడి కాదు. నా పేరు."

జరిగింది చెబుతుంటే సంపూర్ణమ్మ సూది ఆగిపోయింది. మూడిట్లోనూనా అంది. మూడిట్లోనూ అన్నాడు. సాయంత్రానికి చూపించాలిట, నువ్వు మళ్ళీ అల్లెయ్యగలవా అని అడిగాడు, అడుగుతున్నప్పుడే పాత నాలిక మళ్ళీ పని మొదలెట్టిందని తెలిసింది. ఆవిడ లోపలికి వెళ్ళి మూడు కండువాలూ తెచ్చి అరుగు మీద పరిచి, తను సాపు చేసిన చోట్లు ఒక్కొక్కటే అరచేత్తో రాసింది. ఎక్కడ విప్పిందో చెప్పుకోలేనంత నున్నగా ఉన్నాయి.

"నేనల్లితే నా అల్లికవుతుంది గానండీ, ఆవిడదవదు," అంది. "నేనే వస్తాను. విప్పింది నేనేనని నేనే చెబుతాను."

దొరగారి ఎదట నోరెత్తని మనిషి. ఆవిడ కాసేపు వాటినే చూస్తూ కూచుని, మీ పేరెలా రాస్తారు అంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. అక్షరాలు నేర్పండి అని మొదట్లో రెండుసార్లు అడిగింది, రేపు అన్నాడు, తరవాత అడగలేదు. ఇప్పుడెందుకు అన్నాడు.

"విప్పిందేంటో నాకు తెలియాలిగా."

యెహెజ్కేలు వాకిట్లోకి దిగి, కందికంప ఒకటి విరిచి, నిలబడి చూస్తే తనక్కూడా కనిపించేటంత పెద్దదిగా దుమ్ములో మొదటి అక్షరం గీశాడు. ఆవిడ అరుగు దిగి వచ్చి పక్కన గొంతుకూచుని, లేసు సూది కొసతో ఆ గీత వెంబడే మెల్లగా వెళ్ళింది. నడినెత్తి మీద ఎండ కాస్తోంది, మెడంతా మండుతోంది. కండువా తియ్యాలని మాత్రం అతనికి గుర్తు రాలేదు.